గంజి కలపని జాజు

మా అమ్మాయి శ్రావ్య హనుమకొండలో కొత్తగా కొనుక్కున్న ఫ్లాట్‌కు రంగులు వేయిస్తూ, హాల్లో ఒక గోడకు మాత్రం టెర్రకోట కావాలని పట్టుబట్టింది. పెయింటర్ యాకూబ్ భాయ్ షేడ్ కార్డు తెచ్చి, కుర్చీ కూడా లేని ఆ ఖాళీ హాల్లో నేల మీద పరిచాడు. ఎరుపుకూ గోధుమరంగుకూ మధ్య ఇన్ని రంగులుంటాయని నాకు అప్పుడే తెలిసింది. ఒక్కోదాని కింద ఒక్కో ఇంగ్లీషు పేరు. శ్రావ్య వేలు పెట్టిన ముక్కను చూడగానే, అది వద్దు, ఇంకేదైనా వేయించుకో అన్నాను. ఎందుకని అడిగింది. గది చీకటవుతుందన్నాను. కిటికీలు పడమటికి ఉన్నాయి కదా అంది. దుమ్ము కనపడుతుందన్నాను. ఆ రంగే దుమ్ము రంగు, ఇంకా కనపడేదేముంటుందని యాకూబ్ భాయ్ నవ్వాడు. నేను నవ్వలేదు. ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పిన గొంతుతో, ఆ రంగు నాకు నచ్చదు అని గట్టిగా అనేసి బాల్కనీలోకి పోయి నిలబడ్డాను. శ్రావ్య వెనకాలే వచ్చి, "మట్టి ఇంట్ల పుట్టిన అని చెప్పుకునుడు నీకు సిగ్గా అమ్మా" అని అడిగింది. సిగ్గే. కానీ తను అనుకున్న సిగ్గు కాదు. ఆ మాట అప్పుడు చెప్పలేకపోయాను. ఇల్లు దానిది, గోడ దానిది. రెండు రోజుల్లో రంగు పడింది.

మేము పుట్టి పెరిగిన ఇల్లు కొత్తవాడలో. మగ్గాల వాడ అది. ముందు అరుగు, అరుగు వెనక మగ్గం అర్ర, దాని వెనక మేమందరం తిని పడుకునే పెద్ద గది, పెరట్లో పొయ్యి. గుంటలోకి కాళ్ళు జార్చి మగ్గం ముందు కూర్చున్న నాన్న నడుము దాకానే కనిపించేవాడు. చిన్నప్పుడు నేను ఆయన అంతే పొడుగు అనుకునేదాన్నట. పొద్దున్నే వాడకట్టు మగవాళ్ళంతా కలిసి వీధి పొడవునా పడుగు దారాలు సాచి గంజి పట్టేవాళ్ళు. దారాలు తెగకుండా గట్టిపడాలంటే జొన్నపిండి గంజి తాగాలి మరి. రెండో రోజుకు ఆ గంజి పులిసేది. మా బట్టలు, మా జుట్టు, మా పుస్తకాలు అన్నీ ఆ పుల్లటి వాసన వేసేవి. బడిలో నా పక్కన కూర్చునే బట్టల దుకాణం వాళ్ళ అమ్మాయి ముక్కు చిట్లించినప్పుడల్లా నాకు మా నాన్న మీద కోపం వచ్చేది. ఆ అమ్మాయి వాళ్ళ దుకాణంలోవి మేము నేసిన తువ్వాళ్ళేనని తెలిసి కూడా.

ఆ ఇంటికి రంగు అంటే జాజే. ఎర్రమట్టి గడ్డలు. అంగట్లో తెచ్చి, దంచి, కుండలో నానబెట్టి, పాత చీర గుడ్డలో వడగట్టి, గుడ్డపేలికతో గోడకు పూసేవాళ్ళు. నడుము ఎత్తు దాకా జాజు, పైన సున్నం, రెండింటికీ మధ్య చూపుడువేలితో పెట్టిన తెల్లటి చుక్కల వరుస. బతుకమ్మకు ముందు వాడలో ప్రతి ఇంటికీ ఈ పని ఉండేది. అందరి ఇళ్ళల్లో జాజు రాలేది, ఆనుకుంటే వీపుకు అంటేది. మా ఇంట్లో అంటేది కాదు. అది మా మేనత్త బాలమణి పనితనం. పడుగుకు పట్టగా మిగిలిన గంజిని మళ్ళీ కాచి, ఒక చెంబు జాజుకు రెండు చెంబుల లెక్కన పోసి, ఉండలు లేకుండా చేత్తో పిసికి పిసికి కలిపేది. దారాన్ని పట్టుకునే గంజి మట్టిని పట్టుకోదా అనేది. గోడ ఆరిన తర్వాత తన కొంగును దాని పొడవునా రాసి చూసుకునేది. కొంగు తెల్లగా ఉంటే తృప్తిగా ఒక నిట్టూర్పు విడిచి, సాసర్లో చాయ పోసుకుని, గోడకు ఎదురుగా కూర్చుని తాగేది. ఒక పని అయ్యాక ఆమె కూర్చోవడం నేను చూసింది అప్పుడు మాత్రమే.

అత్తకు పెళ్ళయిన నాలుగేళ్ళకు మామ పోయాడు. పిల్లలు లేరు. నాన్న తీసుకొచ్చి ఇంట్లో పెట్టుకున్నాడు. పెట్టుకున్నాడు అంటున్నాను గానీ, నూలు కండెలు చుట్టడం, నీళ్ళు మోయడం, మమ్మల్ని ముగ్గురిని పెంచడం, ఆ ఇల్లు సగం ఆమె చేతుల మీదే నడిచింది. మా అమ్మ మంచిదే. అయినా పండుగనాడు పసుపు కుంకుమల పళ్ళెం పట్టుకున్నప్పుడు అత్త వైపు చూసేది, అత్త లోపలికి పోయేది. ఎవరూ ఏమీ అనాల్సిన అవసరం ఉండేది కాదు. మాకు అది ఎండకు నీడకు జరిగినంత మామూలుగా ఉండేది.

నాకు పదమూడేళ్ళప్పుడు సరోజ అక్క పెళ్ళి కుదిరింది. పెళ్ళి మా ఇంటి ముందే. వారం ముందు నుంచి అత్త గోడలు మొదలుపెట్టింది. నిజానికి పెళ్ళింటి గోడకు ముత్తైదువ చెయ్యి పడాలి. అందుకని అమ్మ పెద్ద గదిలో ఒక మూల పసుపు బొట్టు పెట్టి, పేలికతో నాలుగు గీతలు పూసి వదిలేసింది. మిగతాదంతా అత్తే చేసింది. వాడలో అంత నున్నగా పూసే చెయ్యి ఇంకొకటి లేదని అందరికీ తెలుసు. పెళ్ళి పనులప్పుడు అటువంటివి చూసీచూడనట్టు పోయేవాళ్ళు. రోజుకొక గోడ పూర్తయింది. పెళ్ళికి ముందు రోజు ముందరి అరుగు గోడ ఒక్కటే మిగిలింది. మధ్యాహ్నం అత్త పెద్ద గంగాళాలు అడిగి తేవడానికి చుట్టాల ఇంటికి పోతూ, జాజు నానింది, గంజి మగ్గం అర్రలో మట్టి గురిగిలో ఉంది, రెండూ కలిపి పిసికి పెట్టమని నాకు చెప్పింది. అంతకు ముందు నన్ను ఆ పని దగ్గరికి రానివ్వలేదు ఆమె. నాకు నేర్పాలని అనుకుందేమో.

అప్పటికి నా రెండు చేతులకూ గోరింటాకు ఉంది. అక్కతో పాటు నాకూ పెట్టించమని ఏడ్చి పెట్టించుకున్నది. ఇంకా పచ్చిగానే ఉంది. గంజి గురిగి మీది మూత తీస్తే పుల్లటి వాసన గుప్పుమంది. ఆ చేతులు దాంట్లో పెట్టాలా అనిపించింది. పెళ్ళికి నా బడి స్నేహితురాలు వస్తానంది, ఆ బట్టల దుకాణం అమ్మాయి. మూత మళ్ళీ పెట్టేశాను. కట్టె తెచ్చి, నానిన జాజులో నీళ్ళు పోసి కలియబెట్టాను. గంజి కలిపినా కలపకపోయినా తడిగా ఉన్నప్పుడు ఒక్కటే రంగు. ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. అత్త వచ్చేసరికి గోరింటాకు కడిగేసుకున్నాను. పేలిక ముంచి మొదటి పూత పూయగానే ఆమె చెయ్యి ఆగింది.

"ఏందే పిల్లా, చేతికి జిగురు తగుల్తలేదు. గంజి కలిపినవా?"

"కలిపిన అత్తా. మంచిగ పిసికిన" అన్నాను. అని అరచేతులు చూపించాను. అప్పుడే కడిగిన గోరింటాకుకూ జాజుకూ ఆ అరుగు నీడలో పెద్ద తేడా లేదు. అత్త నా చేతులు చూసి తల ఊపి మళ్ళీ ముంచింది. గోడ ఆరేసరికి ఎవరో వంట దగ్గరికి పిలిచారు, ఇంకెవరో నీళ్ళకు పిలిచారు. కొంగు రాసి చూసుకునే తీరిక ఆ సాయంత్రం ఆమెకు ఎవరూ ఇవ్వలేదు.

మర్నాడు పెళ్ళివారు దిగారు. ఎండ అప్పటికే మండుతోంది. అరుగు మీద జంపఖానాలు పరిచి కూర్చోబెట్టాం. పెద్దవాళ్ళంతా హాయిగా గోడకు ఆనుకుని మజ్జిగ తాగారు. పెళ్ళికొడుకు కూడా ఆనుకునే కూర్చున్నాడు. ముహూర్తానికి లేవమన్నారు. లేచిన ప్రతి మనిషి వీపూ ఎర్రగా ఉంది. ముందు ఆడపిల్లలం నవ్వాం. నేను కూడా నవ్వాను, ఆ సంగతి రాయకుండా ఉండలేను. తర్వాత పెళ్ళికొడుకు వెనక్కి తిరిగాడు. తెల్లటి కొత్త అంగీ మీద మెడ నుంచి నడుము దాకా, చెమటకు తడిసి, నెత్తుటి మరకలాగే ఉంది. వాళ్ళ నాయనమ్మ ఒక్కసారి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఈ జాజు ఎవరు పూశారని అడిగింది. ఎవరో పక్కింటామె ఉన్న మాట చెప్పింది. ఇంక చూడాలి. మొగడు లేనామెతో పెండ్లి గోడ పూయిస్తారా, మా పిల్లగాని వీపుకు నెత్తురు పూస్తారా అని మొదలై, లేవండి పోదాం అన్న దాకా వచ్చింది. నాన్న భుజం మీది తువ్వాలు తీసి వాళ్ళ కాళ్ళ ముందు పరిచాడు. మా నాన్న ఎవరి ముందైనా వంగడం నేను చూసింది అదే మొదలు. పెళ్ళికొడుక్కు వేరే అంగీ తొడిగించారు, పసుపునీళ్ళు చల్లారు, పెళ్ళి జరిగింది. అత్తను మగ్గం అర్రలోకి పంపి తలుపు దగ్గరికి వేశారు. పెంచిన పిల్ల తల మీద అక్షింతలు వేయడానికి కూడా బయటికి రానివ్వలేదు. నేను ఎర్రగా పండిన చేతులు ఒళ్ళో పెట్టుకుని అక్క పక్కన కూర్చున్నాను. నోరు తెరిచి ఒక్క మాట, నేనే గంజి కలపలేదని, చెప్తే అయిపోయేది. అమ్మ కొట్టేది. రెండు దెబ్బలు. అంతకన్నా ఏమీ అయ్యేది కాదు.

పెళ్ళయిన నెల లోపే నాన్న ఇల్లంతా సున్నం వేయించాడు. కింద నుంచి పై దాకా తెలుపే. అత్త మళ్ళీ జాజు ముట్టుకోలేదు. సాసర్లో చాయ తాగుతూ గోడ వంక చూడటం కూడా మానేసింది. రెండేళ్ళకు సరోజ అక్క పురిటికి వచ్చింది. పుట్టిన మూడో నెలలో బిడ్డ పోయాడు. జ్వరం. దవాఖానకు తీసుకుపోయేసరికే అయిపోయింది. అక్క పెద్ద గదిలో పడుకుని రెండు రోజులు లేవలేదు. నేను కాళ్ళ దగ్గర కూర్చుని ఒత్తుతూ ఉండేదాన్ని. ఆ గోడ ఎర్రనే నా మీద పడ్డది, ఆమె చెయ్యే నా బిడ్డను తిన్నది అని అక్క ఏడ్చేది. గది తలుపు తెరిచే ఉంది. పెరట్లో గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది. నేను ఒత్తుతూనే ఉన్నాను. తర్వాత అక్కకు ఇద్దరు పిల్లలు పుట్టారు, బాగున్నారు. అయినా అత్త చేతి నీళ్ళు మాత్రం ఎన్నడూ తాగలేదు.

పదమూడేళ్ళ పిల్ల భయపడింది అని ఎవరైనా అనవచ్చు. నేనూ చాలాకాలం అలాగే అనుకుని బతికాను. కానీ నా పెళ్ళప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. బీఎడ్ చదువుతున్నాను. పెళ్ళికి వారం ఉందనగా, పాలంపేట దగ్గర చుట్టాల ఊళ్ళో నాట్లకు మనుషులు తక్కువయ్యారని చెప్పి అమ్మ అత్తను అక్కడికి పంపింది. నాట్లూ లేవు, ఏమీ లేవు. అది అందరికీ తెలుసు. అత్త ఎడమ చేతిలో గుడ్డసంచి పట్టుకుని, కుడిచేత్తో నా చెంపలు నిమిరి వెళ్ళింది. బస్సు దాకా తోడు పోయిందాన్ని నేనే. దారి పొడవునా ఏవో మాటలు చెప్పాను. ఆ ఒక్క మాట తప్ప. తర్వాత ముప్పై ఏళ్ళు నల్లబల్ల ముందు నిలబడి, తప్పు చేస్తే ఒప్పుకోవాలని పిల్లలకు చెప్పాను. ఒప్పుకోని పిల్లల్ని ఎండలో నిలబెట్టాను కూడా.

ఇప్పుడు అత్తకు ఎనభై దాటాయి. హసన్‌పర్తిలో మా తమ్ముడి ఇంట్లో ఉంటుంది. తమ్ముడు, మరదలు మంచిగా చూసుకుంటారు. శ్రావ్య గోడ పూర్తయ్యాక, బాలమణి అమ్మమ్మకు చూపించాలని పోయి కారులో తీసుకొచ్చింది. ఇట్లా మట్టి రంగులంటే అమ్మమ్మకే తెలుసని తమ్ముడు ఎప్పుడో అన్నాడట. అత్త చెప్పులు బయటే విడిచి, లోపలికొచ్చి, ఆ గోడ ముందు నిలబడింది. తర్వాత చూపుడువేలు గోడ మీద అడ్డంగా గీసి, ఆ వేలును కళ్ళ దగ్గర పెట్టుకుని చూసుకుంది. "అంటుతలేదు" అంది. ఇది కడిగినా పోదని శ్రావ్య చెప్పింది. ఏం కలుపుతారని అడిగింది అత్త. శ్రావ్యకు తెలియదు, యాకూబ్ భాయ్‌కీ తెలియదు, డబ్బాలోనే అన్నీ కలిపి వస్తాయి. మట్టి ఇల్లు అని మేము మొహం దాచుకున్న రంగునే మా పిల్లలు కార్డులో చూసి ఏరుకుంటున్నారు. ఎవరి చెయ్యి పూసిందని అడిగేవాళ్ళు లేరు. ఇది మంచి కాలమే. అప్పుడు ఈ కాలమే అయి ఉంటే నేను తప్పించుకునేదాన్ని అని ఒక్క క్షణం అనిపించింది. ఇంత జరిగినా నాకు తట్టిన మొదటి ఆలోచన నేను తప్పించుకోవడం గురించే.

శ్రావ్య చాయ తేవడానికి కిందికి పోయినప్పుడు చెప్పేశాను. నిలబడే చెప్పాను, గోడ వైపు చూస్తూ. గోరింటాకు, నీళ్ళు, అరచేతులు, అన్నీ. అత్త ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని విన్నది.

"ఎరికే" అంది. "పెండ్లినాడు నన్ను ఆ అర్రల కూసోబెట్టిన్రు గదా. గంజి గురిగి ఆడనే ఉండె, నిండుగ, మీద పొర కట్టి. మీ అమ్మ చూస్తే నిన్ను సంపుతదని దొడ్డి దిక్కు పారవోసిన."

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను. అడగడానికి నాకు నోరెలా వచ్చిందో తెలియదు.

"నేను చెప్తే ఎవలు నమ్ముతరు బిడ్డా. పిల్ల మీదికి తోస్తాంది అందురు. నువ్వు చెప్తే నమ్ముదురు." కొంగు సరిచేసుకుంది. "చెప్తవని చూసిన. సరోజ కొడుకు పోయినప్పుడు చూసిన. నీ పెండ్లప్పుడు బస్సు ఎక్కేదాక చూసిన. ఆ తర్వాత చూసుడు ఇడిసిపెట్టిన."

కాళ్ళు పట్టుకోబోయాను. కాళ్ళు కుర్చీ కిందికి లాక్కుంది. "నాకు ఎరికైంది నాకు చెప్పుడు ఎందుకు? సరోజకు చెప్పు" అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

గృహప్రవేశానికి తొమ్మిది రోజులున్నాయి. అక్కకు ఫోన్ చేద్దామని మూడుసార్లు తీశాను. మూడుసార్లూ మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడి పెట్టేశాను. అంతటి ధైర్యస్థురాలిని నేను. ఆ రోజు రానే వచ్చింది. అక్క వచ్చి, హాల్లో ఆ గోడ చూసి గుమ్మంలోనే ఒక నిమిషం నిలబడి, కుర్చీని దానికి వీపు తగలకుండా దూరంగా జరుపుకుని కూర్చుంది. అత్త తనంతట తానే వంటింటి పక్కన మూలకు చేరింది. శ్రావ్యకు ఇవేమీ తెలియవు. ఇంట్లో అందరికన్నా పెద్దది కదా అని చెప్పి, పాలు పొంగించమని గిన్నె తెచ్చి అత్త చేతిలో పెట్టింది.

"ఆమె చెయ్యి వద్దు" అంది సరోజ అక్క. గట్టిగా అనలేదు గానీ హాలంతా వినపడింది. శ్రావ్య ఏమిటన్నట్టు నా వైపు చూసింది. తమ్ముడు నేల చూశాడు. అత్త గిన్నెను మెల్లగా గట్టు మీద పెట్టేసి పక్కకు తప్పుకుంది. నా వైపు చూడలేదు. అందరూ చూశారు, ఆమె ఒక్కతే చూడలేదు.

"నీ పెండ్లి గోడకు గంజి కలపనిది నేను అక్కా" అన్నాను. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. చుట్టాలందరి ముందు, అల్లుడి వాళ్ళ ముందు, పూజ చేయించడానికి వచ్చిన అయ్యగారి ముందు. చెప్తుంటే ఎంత చిన్న సంగతిలా ఉందో. రెండు చెంబుల గంజి. చెప్పడం అయిపోయాక శ్రావ్యే గిన్నె తీసుకుని మళ్ళీ అత్త చేతిలో పెట్టి, ఆమె చేతి కింద తన చెయ్యి పెట్టింది. పాలు పొంగాయి. అక్క లేచి, వంటింటి దాకా పోయి, అత్త ఎదురుగా నిలబడింది. అత్త గ్లాసుతో ఇచ్చిన నీళ్ళు అక్క తీసుకుని, గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగింది.

భోజనాలయ్యాక అక్కను కిందికి దింపడానికి నేనూ లిఫ్టు దాకా పోయాను. నన్ను తోడు రావద్దంది. బటన్ నొక్కి నిలబడి, నా వైపు తిరగకుండానే అడిగింది.

"నా కొడుకు పోయిననాడు నువ్వు నా కాళ్ళు ఒత్తుకుంట కూసున్నవ్. అప్పుడు కూడ ఎరికేనా నీకు?"

"ఎరికే అక్కా" అన్నాను.

లిఫ్టు వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి నా ఫోన్ ఎత్తడం లేదు. బాలమణి అత్తకు మాత్రం రోజూ పొద్దున ఫోన్ చేసి, తిన్నావా అని అడుగుతోందని తమ్ముడు చెప్పాడు.